నివురు కింద నిప్పు: స్కానింగు బాగుంటే జబ్బు ఆగినట్టేనా?

మా పాఠశాలలో లెక్కలు చెప్పే సహోపాధ్యాయుడు ఒకరు ఉండేవారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. నలభై దాటాక ఆయన నడకలో తేడా మొదలైంది. మొదట కుడికాలి చెప్పు జారిపోతోందన్నారు. మరుసటి ఏడాది మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకున్నారు. ఆ తరువాతి ఏడాదికి చేతికర్ర వచ్చింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్లు చెప్పిన పేరు ప్రైమరీ ప్రోగ్రెసివ్ మల్టిపుల్ స్క్లెరోసిస్.

ఉపాధ్యాయులం తలా కొంత వేసుకుని ఆయన ఫిజియోథెరపీకి, ఆటో ఖర్చుకు నెలనెలా ఇచ్చేవాళ్లం. రెండేళ్లు అలా గడిచాయి. ఒకరోజు ఆయన కొత్త స్కానింగు రిపోర్టు స్టాఫ్ రూములో చేతులు మారింది. కొత్త మచ్చలు లేవు, కాంట్రాస్ట్ పట్టిన మచ్చలు లేవు, పాత స్కానింగుతో పోలిస్తే చెప్పుకోదగ్గ మార్పు లేదు అని అందులో ఉంది. చదివి సంతోషించాం. జబ్బు ఆగిపోయిందనుకున్నాం. ఆ డబ్బును అవసరంలో ఉన్న మరో కుటుంబానికి మళ్లించాం. దాచుకోవడమెందుకు, ‘రిపోర్టు ఇంత బాగుంటే ఇంకా కర్ర ఎందుకు?’ అని కూడా మాలో కొందరం అన్నాం.

కొన్ని నెలల తరువాత ఆయన భార్య కలిశారు. ‘సార్, రిపోర్టు బాగానే ఉందంటున్నారు. మరి ఈయన నెలనెలకూ ఎందుకిలా తగ్గిపోతున్నారు?’ అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. ఆ ఏడాది చివరికి ఆయన చక్రాల కుర్చీలోకి వచ్చారు.

ఆ ప్రశ్నకు జవాబు కోసం మేము చదివినదీ, నరాల వైద్యులను అడిగి తెలుసుకున్నదీ ఈ వ్యాసం. మేము వైద్యులం కాము, పాఠం చెప్పేవాళ్లం. అయితే ఒక కాగితం చూసి ఎవరికి సాయం ఇవ్వాలి, ఎవరికి ఆపాలి అని తేల్చే చోట మేమూ కూర్చున్నాం, మీలో చాలామందీ కూర్చుంటారు. అక్కడ మేము చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాం.

తీగ, తొడుగు

మన మెదడు, వెన్నుపాము, కంటి నరాలలో సంకేతాలు సన్నని నరాల పోగుల మీద పరుగెత్తుతాయి. ఆ పోగుల మీద మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు వంటిదే. తొడుగు ఊడితే సంకేతం నెమ్మదిస్తుంది, తడబడుతుంది, ఒక్కోచోట ఆగిపోతుంది. తొడుగు లేని తీగ కొంతకాలానికి తానే పాడైపోతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక కణాలే ఈ తొడుగు మీద దాడి చేస్తాయి. దాడి జరిగిన చోట్ల మచ్చలు కడతాయి, గట్టిపడతాయి. స్క్లెరోసిస్ అంటే గట్టిపడటం, మల్టిపుల్ అంటే అనేక చోట్ల. ఫ్రెంచి వైద్యుడు జీన్ మార్టిన్ షార్కో 1868లో పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో ఈ జబ్బును విడిగా గుర్తించి వివరించారు.

ప్రపంచంలో 28 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని అంచనా. ఇది రెండు దారుల్లో నడుస్తుంది. దాదాపు 85 శాతం మందిలో మొదట దాడులుగా వస్తుంది. ఒక కన్ను మసకబారుతుంది, లేదా ఒక కాలు మొద్దుబారుతుంది. కొన్ని వారాలకు చాలావరకు తేరుకుంటారు. కొన్నాళ్లకు మళ్లీ మరోచోట దాడి. వీరిలో చాలామందికి ఏళ్లు గడిచాక దాడులు తగ్గి, బలహీనత మాత్రం మెల్లగా పెరుగుతూ పోయే దశ వస్తుంది. దాన్ని సెకండరీ ప్రోగ్రెసివ్ అంటారు. మిగిలిన పది, పదిహేను శాతం మందిలో దాడులనేవి లేకుండా మొదటి నుంచే మెల్లగా పెరుగుతుంది. అది ప్రైమరీ ప్రోగ్రెసివ్. మా సహోపాధ్యాయుడిది ఈ రెండో రకమే.

దాడి అందరికీ కనిపిస్తుంది. నిన్న నడిచిన మనిషి ఇవాళ పడిపోతే ఇంటిల్లిపాదీ పరుగెత్తుతారు. ప్రోగ్రెసివ్ రకం అలా కాదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉండదు. పోయిన ఉగాదికీ ఈ ఉగాదికీ ఉంటుంది. అందుకే పక్కనున్నవాళ్లకు నమ్మకం కుదరదు. మాకూ కుదరలేదు.

వాపు అనే మాటతో వచ్చిన చిక్కు

ఇన్‌ఫ్లమేషన్ అనే మాటకు మనం వాపు అంటాం. కాలు బెణికితే ఎర్రబడి ఉబ్బుతుంది కాబట్టి ఆ మాట సరిపోతుంది. మెదడులో మాత్రం ఉబ్బు కనిపించకుండానే వాపు ఉండవచ్చు. ఇక్కడ వాపు అంటే రోగనిరోధక కణాలు లేచి పనిలో దిగడం, రసాయనాలు వదలడం, చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీయడం అని అర్థం చేసుకోవాలి.

ఈ జబ్బులో అలాంటి వాపు రెండు రకాలు. మొదటిది బయటి నుంచి వచ్చేది. రక్తానికీ మెదడుకూ మధ్య సహజంగా ఒక అడ్డుగోడ ఉంటుంది. రక్తంలోని ప్రతిదీ మెదడులోకి పోకుండా సన్నని రక్తనాళాల గోడలే కాపలా కాస్తాయి. లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఈ గోడను దాటి గుంపుగా లోపలికి వచ్చినప్పుడు దాడి జరుగుతుంది. గోడకు గండి పడుతుంది. కొన్ని వారాల్లో గండి పూడుతుంది.

రెండోది లోపలే కాపురం పెట్టినది. మెదడుకు సొంత కాపలా కణాలు ఉంటాయి. వాటిని మైక్రోగ్లియా అంటారు. పాత మచ్చల అంచుల్లో ఇవి ఏళ్ల తరబడి చురుగ్గా ఉండిపోతాయి. మెదడును కప్పే పొరల్లోనూ తెల్లకణాలు గుంపులుగా స్థిరపడతాయి. 2004లో ఇటలీ పరిశోధకులు సెకండరీ ప్రోగ్రెసివ్ రోగుల మెదడు పొరల్లో బి కణాల గుంపులను చూపించారు. 2005లో వియన్నాలోని హాన్స్ లాస్‌మన్ బృందం చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించి, ప్రోగ్రెసివ్ దశలో మెదడు పైపొరలో మైలిన్ విస్తారంగా పోతోందనీ, చూడటానికి మామూలుగా ఉన్న తెల్లని భాగమంతటా వాపు పరచుకుని ఉందనీ తెలిపింది.

ఇక్కడ ముఖ్యమైన విషయం, రెండో రకం వాపు సాగుతున్నప్పుడు అడ్డుగోడ చాలావరకు మూసే ఉంటుంది. మనం నివురుగప్పిన నిప్పు అంటామే, అదే. పైన చూస్తే బూడిద, లోపల కణకణలాడే నిప్పు.

స్కానింగు ఏం చూస్తుంది

ఎం.ఆర్.ఐ. యంత్రం ఒక పెద్ద అయస్కాంతం. ఆసుపత్రుల్లో ఎక్కువగా ఉండేవి 1.5 టెస్లా, 3 టెస్లా బలం ఉన్నవి. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు ముప్పై వేల రెట్లు. మన ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు ఈ బలానికి లోబడి సర్దుకుంటాయి. రేడియో తరంగంతో వాటిని కదిపి వదిలితే, తిరిగి సర్దుకుంటూ సంకేతం ఇస్తాయి. ఆ సంకేతాల నుంచి కంప్యూటర్ బొమ్మ తయారు చేస్తుంది. ఎక్స్‌రే కిరణాలు ఇందులో ఉండవు. 1981లో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి బృందం ఈ పద్ధతితో మల్టిపుల్ స్క్లెరోసిస్ మచ్చలను చూపించింది. అప్పటి సి.టి. స్కానింగులో కనిపించని మచ్చలెన్నో ఇందులో బయటపడ్డాయి.

మామూలు ఎం.ఆర్.ఐ.లో మచ్చలు తెల్లగా కనిపిస్తాయి. అయితే మచ్చ నిన్నటిదా, పదేళ్లనాటిదా అన్నది తెలుపు రంగు చెప్పదు. అందుకోసం గడోలినియం అనే లోహంతో చేసిన కాంట్రాస్ట్ మందును రక్తంలోకి ఎక్కిస్తారు. అడ్డుగోడకు గండి ఉన్న చోట అది మెదడులోకి కారుతుంది, ఆ మచ్చ వెలుగుతుంది. ఇలా వెలగడం సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల వరకే. గండి పూడితే వెలుగు ఆరిపోతుంది.

దాడుల రకానికి ఈ పరీక్ష గొప్ప వరమైంది. రోగికి తెలిసి ఒక దాడి జరిగే లోపు తెలియకుండా మెదడులో ఐదు నుంచి పది కొత్త మచ్చలు రావచ్చని దీనివల్లే అర్థమైంది. కొత్త మందులు పనిచేస్తున్నాయో లేదో కూడా వెలిగే మచ్చలను, కొత్త మచ్చలను లెక్కపెట్టే తేల్చారు.

ఇక ప్రోగ్రెసివ్ రకానికి వద్దాం. ఇక్కడ వెలిగే మచ్చలు తక్కువ. ప్రైమరీ ప్రోగ్రెసివ్ రోగుల మీద ఒరటోరియో అనే పెద్ద ఔషధ పరీక్ష జరిగింది. అందులో చేరిన 732 మందిలో మొదటి స్కానింగున వెలిగే మచ్చలున్నవారు నాలుగో వంతుకు అటూ ఇటూగా మాత్రమే. మిగిలినవారిలో మచ్చ ఒక్కటీ వెలగలేదు. కానీ వారందరి జబ్బూ ముదురుతూనే ఉంది. వెలుగు లేదు కాబట్టి వాపు లేదని, నిప్పు ఆరిపోయి నష్టం మాత్రమే మిగిలిందని చాలాకాలం అనుకున్నారు. శవపరీక్షలు చెప్పినది వేరు.

మా స్టాఫ్ రూములో జరిగిన పొరపాటు ఇదే. ‘కాంట్రాస్ట్ పట్టిన మచ్చలు లేవు’ అన్న వాక్యాన్ని మేము ‘వాపు లేదు’ అని చదివాం. ఆ రోజు అడ్డుగోడకు గండి కనిపించలేదు అన్నంతే దాని అర్థం. రిపోర్టు అబద్ధం చెప్పలేదు. అది అడగని ప్రశ్నకు మేము జవాబు రాసుకున్నాం.

నిప్పును చూసే కొత్త దారులు

గోడ మూసి ఉన్నప్పుడు లోపలి నిప్పును చూడటం ఎలా? గత ఇరవై ఏళ్లలో ఇందుకు కొన్ని దారులు దొరికాయి.

మొదటిది ఇనుప అంచు. పాత మచ్చ అంచున చేరిన మైక్రోగ్లియా కణాల్లో ఇనుము పోగవుతుంది. ఇనుము అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా కదిలిస్తుంది. ఆ కదలికను పట్టే ప్రత్యేక ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో మచ్చ చుట్టూ నల్లని గీత ఉంగరంలా కనిపిస్తుంది. మొదట దీన్ని 7 టెస్లా పరిశోధన యంత్రాల్లో బాగా చూశారు, తరువాత 3 టెస్లా యంత్రాల్లోనూ చూడగలిగారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మార్టీనా అబ్సింటా బృందం 2019లో 192 మంది రోగుల చిత్రాలను పరిశీలించి ఫలితాలు ప్రచురించింది. వారిలో 56 శాతం మందికి ఇలాంటి అంచు ఉన్న మచ్చ కనీసం ఒకటి ఉంది. నాలుగు లేదా అంతకు మించి ఉన్నవారికి నడకలోనూ ఆలోచనలోనూ ఇబ్బందులు చిన్న వయసులోనే వచ్చాయి. ఏళ్ల తరబడి చూస్తే అంచు లేని మచ్చలు ముడుచుకుపోయాయి. అంచు ఉన్నవి అలాగే నిలిచాయి, కొన్ని పెరిగాయి. 2024లో సవరించి 2025లో ప్రచురించిన రోగనిర్ధారణ నిబంధనల్లో ఈ అంచు మచ్చలకూ చోటు దక్కింది.

రెండోది మెల్లగా పెరిగే మచ్చ. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఓపిక కావాలి. ఏడాది, రెండేళ్ల పొడవునా తీసిన మామూలు చిత్రాలను కంప్యూటర్ ఒకదానిమీద ఒకటి అచ్చుగుద్దినట్టు అమర్చి, ప్రతి మచ్చ అంచు ఎటు జరిగిందో లెక్కిస్తుంది. కంటికి ఏమీ మారనట్టున్న మచ్చ నిలకడగా బయటికి జరుగుతున్నట్టు తేలితే, అక్కడ నిప్పు రగులుతోందని అనుమానించాలి. పైన చెప్పిన ఒరటోరియో చిత్రాలను ఇలా లెక్కించి 2019లో ప్రచురించినప్పుడు, దాడుల రకం రోగుల్లో కంటే ప్రైమరీ ప్రోగ్రెసివ్ రోగుల్లో ఇలాంటి మచ్చల పాలు ఎక్కువని తేలింది.

మూడోది పెట్ స్కానింగు. చురుగ్గా ఉన్న మైక్రోగ్లియాలో టి.ఎస్.పి.ఒ. అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది. దానికి అతుక్కునే పదార్థానికి కొద్దిపాటి రేడియోధార్మికత చేర్చి రక్తంలోకి ఎక్కిస్తారు. అది ఎక్కడ ఎక్కువ చేరితే అక్కడ యంత్రం చూపిస్తుంది. ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో లారా ఐరాస్ బృందం ఏళ్లుగా ఈ పని చేస్తోంది. మామూలు ఎం.ఆర్.ఐ.లో ఆరోగ్యంగా కనిపించిన తెల్లని భాగంలో ఈ సంకేతం ఎక్కువగా ఉన్నవారికి, దాడులు లేకపోయినా తరువాతి ఏళ్లలో జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని వారు 2020లో తెలిపారు.

పెట్ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. ఎక్కువగా వాడే కార్బన్-11 అనే పదార్థం బలం ఇరవై నిమిషాలకు సగమవుతుంది. కాబట్టి దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఆ ఆవరణలోనే ఉండాలి. ఆ ప్రోటీన్ మైక్రోగ్లియాలోనే కాక ఇతర మెదడు కణాల్లో, రక్తనాళాల గోడల్లో కూడా ఉంటుంది. పుట్టుకతో వచ్చే ఒక జన్యు తేడా వల్ల కొందరిలో కొత్తతరం పదార్థాలు సరిగా అతుక్కోవు. అక్కడ చేరిన కణాలు హాని చేస్తున్నాయా, మరమ్మతు చేస్తున్నాయా అన్నది సంకేతం చెప్పదు. అందుకే ఇది ఇప్పటికీ పరిశోధనశాల పరీక్షే తప్ప రోజువారీ పరీక్ష కాదు.

వీటికి తోడు మెదడు పరిమాణాన్ని కొలిచే పద్ధతి ఉంది. వయసుతో అందరి మెదడూ ఏడాదికి 0.1 నుంచి 0.3 శాతం దాకా తగ్గుతుంది. చికిత్స లేని మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఇది 0.5 శాతం నుంచి ఒక శాతం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది. ఇది నిప్పును కాదు, కాలిపోయినదాన్ని చూపుతుంది. పైగా ఒంట్లో నీరు తగ్గినా, వాపు తగ్గించే మందు వేసినా మెదడు కొంత తగ్గినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఒక్కో మనిషి విషయంలో ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి.

ఒక ఫోటో చాలదు

ఈ దారులన్నీ చెప్పే పాఠం ఒకటే. కాలం లేకుండా ఈ జబ్బు కనిపించదు. మా వృత్తి భాషలో చెప్పాలంటే, ఒక్క యూనిట్ టెస్టు మార్కులతో పిల్లవాడి చదువును తేల్చలేం. ప్రోగ్రెస్ కార్డు మొత్తం పక్కపక్కన పెట్టి చూడాలి. అదీ ఒకే రకం పరీక్ష పెట్టినప్పుడే పోలిక కుదురుతుంది. స్కానింగూ అంతే. వీలైతే అదే యంత్రం, అదే పద్ధతి. ఒక ఏడాది ఒకచోట 1.5 టెస్లాలో, మరో ఏడాది ఇంకోచోట 3 టెస్లాలో తీయిస్తే, కనిపించే తేడా జబ్బుదో యంత్రానిదో చెప్పడం కష్టం.

అందుకే రోగుల కుటుంబాలకు ఒక మాట. ఫిల్మూ, రిపోర్టు కాగితమూ చాలవు. ప్రతి స్కానింగుకూ సి.డి. అడిగి తీసుకోండి, తేదీ రాసి భద్రపరచండి. మెల్లగా జరిగే మార్పును లెక్కించాలంటే అసలు చిత్రాలు కావాలి. మా సహోపాధ్యాయుడి మొదటి స్కానింగు సి.డి. ఇల్లు మారినప్పుడు పోయింది. తరువాత చూసిన డాక్టరుగారు అడిగిన మొదటి వస్తువు అదే.

ఇంకో సంగతి. నడకను ఎక్కువగా దెబ్బతీసేది వెన్నుపాములోని నష్టం. మెదడు స్కానింగు ఒక్కటే తీస్తే వెన్నుపాములో ఏముందో అందులో కనిపించదు. మెదడు పైపొరలోని మచ్చలు మామూలు ఎం.ఆర్.ఐ.లో చాలావరకు దొరకవు. కాబట్టి స్కానింగుకూ మనిషికీ పొంతన కుదరకపోతే మనిషినే నమ్మాలి.

మందుల దాకా వెళ్లే దారి

నిప్పు కనిపిస్తే లాభమేమిటని అడగవచ్చు. లాభం ఉంది. నిన్నమొన్నటి దాకా వచ్చిన మందుల్లో ఎక్కువ భాగం బయటి నుంచి వచ్చే కణాలను ఆపేవే. దాడులను అవి బాగా తగ్గించాయి. ప్రోగ్రెసివ్ దశలో వాటి బలం తక్కువ. ప్రైమరీ ప్రోగ్రెసివ్ రకానికి అమెరికాలో మొదటిసారి అనుమతి పొందిన మందు ఒక్రెలిజుమాబ్, 2017లో. ఒరటోరియో పరీక్ష చేసింది ఈ మందు మీదే. అందులో వైకల్యం పెరిగి పన్నెండు వారాల పాటు నిలిచినవారు మందు తీసుకున్నవారిలో 32.9 శాతం, తీసుకోనివారిలో 39.3 శాతం. మేలు నిజమే, అయినా పరిమితం. ఆ పరీక్షలో చేరినవారు 55 ఏళ్లకు మించనివారే.

ఇప్పుడు అడ్డుగోడ దాటి మైక్రోగ్లియా దాకా చేరే మందుల కోసం వెతుకుతున్నారు. టోలెబ్రుటినిబ్ అనే మందును దాడులు ఆగిపోయిన 1,131 మంది సెకండరీ ప్రోగ్రెసివ్ రోగుల్లో పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలలు నిలిచిన వైకల్యం ఈ మందు తీసుకున్నవారిలో 22.6 శాతం మందికి, మందు లేని ఉత్తుత్తి మాత్ర (ప్లాసిబో) తీసుకున్నవారిలో 30.7 శాతం మందికి వచ్చింది. కాలేయానికి హాని కలిగే ప్రమాదం కూడా బయటపడింది కనుక దీన్ని చేతికందిన మందుగా చెప్పుకోలేం. ఇలాంటి మందులు లోపలి నిప్పు దాకా చేరుతున్నాయో లేదో తెలియాలంటే ఆ నిప్పును కాలక్రమంలో కొలిచే చిత్రాలు కావాలి. ఇనుప అంచుల మీద, మెల్లగా పెరిగే మచ్చల మీద ఇంత శ్రమ పడుతున్నది అందుకే.

దాతలుగా మనం చేయగలిగింది

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. చట్టం చూసేది మచ్చల లెక్కను కాదు, మనిషికి ఎంత వైకల్యం ఉందన్నదాన్ని. నలభై శాతం, ఆపైన అని ధ్రువీకరణ అయితే చట్టంలోని ప్రత్యేక సౌకర్యాలకు అర్హత వస్తుంది. ఈ సర్టిఫికెట్ కోసం తిరగలేని కుటుంబానికి తోడు వెళ్లడం కూడా దానమే.

సాయం కోరి వచ్చిన దరఖాస్తును చూసేటప్పుడు స్కానింగులో ఏముందని మాత్రమే అడగవద్దు. పోయిన ఏడాది ఏం చేయగలిగేవారు, ఇప్పుడు ఏం చేయగలుగుతున్నారు అని అడగండి. వైద్యులకు కూడా ఇలాంటి సులువైన కొలత ఉంది. 25 అడుగుల దూరం నడవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. గతం కంటే ఐదో వంతు ఎక్కువ సమయం పడితే దాన్ని పట్టించుకోవలసిన మార్పుగా లెక్కిస్తారు. అందులో అయస్కాంతం లేదు, ఇంజెక్షన్ లేదు. ఒక గది, ఒక గడియారం చాలు.

ప్రోగ్రెసివ్ జబ్బుకు ఒకసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటే నెలనెలా ఆగకుండా అందే చిన్న మొత్తం ఎక్కువ అక్కరకొస్తుంది. ఫిజియోథెరపీ, ప్రయాణం, బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ, గుమ్మం దగ్గర వాలు, ఎండాకాలం ఒక కూలర్. ఈ జబ్బున్నవారికి ఒంటి వేడి కాస్త పెరిగినా లక్షణాలు తాత్కాలికంగా ఎక్కువవుతాయి. మన ఏప్రిల్, మే నెలలు వారికి ఎలా గడుస్తాయో ఊహించండి. విపరీతమైన అలసట ఈ జబ్బులో భాగమే, అది ఏ చిత్రంలోనూ పడదు. దాన్ని బద్ధకం అనడం మానేస్తే పైసా ఖర్చు లేకుండా సగం సాయం చేసినట్టే.

మా సంగతితో ముగిస్తాం. ఆ రిపోర్టు అర్థమయ్యాక మేము వెళ్లి ఆ దంపతులకు క్షమాపణ చెప్పాం. ఆగిన డబ్బును మళ్లీ మొదలుపెట్టాం. ఆయన తరగతులను కింది అంతస్తుకు మార్చమని యాజమాన్యాన్ని అడిగి ఒప్పించాం. ఈ పని రెండేళ్ల ముందే చేసి ఉండవలసింది. ఆ రెండేళ్లలో సరైన వ్యాయామం సాగి ఉంటే ఆయన నడక ఎంతకాలం నిలిచేదో ఎవరూ చెప్పలేరు. ఆ లెక్క మా మీద ఉండిపోయింది.

ఆయన ఇప్పుడు కుర్చీలో కూర్చునే పదో తరగతికి లెక్కలు చెబుతున్నారు. బోర్డు మీద రాయడానికి ఒక విద్యార్థి సాయం చేస్తాడు. ఈ మధ్య మళ్లీ స్కానింగు తీయించారు. రిపోర్టులో ‘మార్పు లేదు’ అనే ఉంది. ఈసారి దాన్ని చదివి, సి.డి.ని పాతవాటి పక్కన భద్రంగా పెట్టి, ‘ఈ నెల ఎలా ఉన్నారు సార్?’ అని ఆయననే అడిగాం.